నాయన జీతం మీదున్న కోర్టు అటాచ్‌మెంట్ ముందే తీర్చేసినాం

ఈ నెల మా నాయనకి జీతం మొత్తం పడింది, పే స్లిప్‌లో కోర్టు రికవరీ (అటాచ్‌మెంట్, అంటే కోర్టు ఆర్డరుతో జీతంలో పెట్టే కోత) అనే లైనే లేదు. ఏడాది పైనుంచి ఆ లైను చూసి చూసి మా అమ్మకి ఒకటో తారీఖు వస్తాందంటేనే గుబులు. ఇట్లా జీతం కోతలో ఉన్నోళ్ళు మా అనంతపురంలోనే చానామంది ఉన్నారు, ఎవరూ బయటికి చెప్పుకోరు, అందుకే మాకు తెలిసొచ్చినవి రాస్తున్నా.

నాయన ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. తోటి ఉద్యోగి చీటీ పాడుకుంటే ష్యూరిటీ సంతకం పెట్టినాడు, ఆయన కొన్ని నెలలు కట్టి ఆపేసినాడు. చీటీ కంపెనీ ఇద్దరి మీదా కేసేసి డిక్రీ (బాకీ కట్టాలని కోర్టు తీర్పు) తెచ్చుకుని, ఇ.పి. (ఆ డిక్రీని అమలు చేయమని అడిగే పిటిషన్) వేసి నేరుగా నాయన జీతం పట్టుకునింది. అసలు తీసుకున్నాయన్ని వదిలి మా మీదకి రావడమేందని అమ్మ కొట్లాడింది గానీ చట్టం ప్రకారం ష్యూరిటీ ఉన్నోడికి తీసుకున్నోడితో సమానంగా బాధ్యత ఉంటుంది, ముందు వాడి దగ్గర వసూలు చేసి రాండి అనడానికి లేదు.

కోత ఎంతంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం జీతంలో మొదటి 1,000 రూపాయలు ముట్టుకోకూడదు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు కూడా ముట్టుకోకూడదు. అంటే 40,000 లెక్కకొస్తే 1,000 తీసేసి 39,000లో మూడో వంతు 13,000 పోతుంది, 27,000 చేతికొస్తుంది, దాంట్లోనే మళ్ళా మన లోన్లూ ఇన్సూరెన్సూ అన్నీ. భరణం డిక్రీ అయితే ఈ లెక్క వేరే, అక్కడ మూడింట రెండు వంతుల దాకా పోవచ్చు. పెన్షనూ గ్రాట్యుటీ కూడా పోతాయేమోనని నాయన రాత్రిళ్ళు నిద్ర లేకుండా ఉండేవాడు, సర్కారు ఉద్యోగికి అవి రెండూ అటాచ్ చేయకూడదని అదే సెక్షన్‌లో ఉంది, అది తెలిసినాక కొంచెం తేరుకున్నాడు.

మా ఇంట్లో పెద్ద రచ్చ ఎక్కడంటే 24 నెలల దగ్గర. నాయన ఆఫీసులో ఒక సారు, ఒకే డిక్రీ కింద జీతం మొత్తం 24 నెలలు కోసినాక ఇంగ కోయకూడదు, కండ్లు మూసుకుని ఆ నెలలు గడిపేయండి, ముందే కట్టేది యాల అన్నాడు. ఆ మాట నిజమే, అదే సెక్షన్‌లో ఉంది కూడా. మా తమ్ముడు అదే పట్టుకుని కూర్చున్నాడు. నేను మాత్రం లాయరు సార్ దగ్గరికి పోయి అడుగుదాం అని పట్టుబట్టినా. ఆయన అన్నది ఇదీ: “చూడప్పా, ఆగేది కోత, అప్పు కాదు. మిగిలిన బాకీ డిక్రీలో అట్లే ఉంటుంది, వడ్డీ నడస్తానే ఉంటుంది, డిక్రీ అమలు చేసుకోడానికి వాళ్ళకి 12 ఏండ్లు టైముంది, జీతం కుదరకపోతే నీ పేరు మీదుండే ఇంటి మీదకో చేని మీదకో వస్తారు.” నాయన పేరు మీద ఉండేది ఆ చేనొక్కటే. పైగా కోసిన డబ్బు ముందు ఖర్చులకీ వడ్డీకీ పోతుంది, ఆ తర్వాతే అసలుకి, అందుకే అన్ని నెలలు కట్టినా బాకీ చూస్తే తగ్గినట్టే కనపడదు. ఆ లెక్క కాగితం మీద రాసి చూపిస్తే తమ్ముడు ఇంగ నోరెత్తలేదు.

చెనిక్కాయలు అమ్మిన డబ్బు, నా చీటీ డబ్బు, తమ్ముడు దాచుకున్నది అంతా కలిపినాం. చీటీ కంపెనీ మనిషి ఫోన్ చేసి ఆఫీసుకొచ్చి క్యాష్ కట్టండి, కొంచెం తగ్గిస్తాం, రసీదు ఇస్తాం అన్నాడు. తగ్గిస్తామంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ బయట కట్టింది కోర్టులో రికార్డు కాకపోతే ఆ ఇ.పి. నడిపే కోర్టు దాన్ని లెక్కలోకే తీసుకోదు, అదే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 21 రూల్ 2 అంటారు. చేతిలో రసీదున్నా జీతం కోత ఆగదు. వాళ్ళు కోర్టుకి చెప్పకపోతే మనమే పిటిషన్ వేసుకోవచ్చు గానీ దానికి కట్టిన నాటినుంచి 30 రోజులే టైము. దయచేసి ఈ ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తు పెట్టుకోండి, రసీదు చూసుకుని ఇంటికొచ్చేయొద్దు.

మేము ఆ తారీఖు దాకా బాకీ ఎంతో లాయరుతో లెక్క కట్టించి చలానా తీసి కోర్టులోనే కట్టినాం, అవతలి వాళ్ళకి డబ్బు కట్టేసినామని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపినాం. ఆ నోటీసు వాళ్ళకి అందిన రోజు నుంచి కట్టిన మొత్తం మీద వడ్డీ ఆగిపోతుంది. తర్వాత ఫుల్ సాటిస్‌ఫాక్షన్, అంటే బాకీ మొత్తం తీరిపోయిందని కోర్టులో రికార్డయి ఇ.పి. క్లోజయింది. అయినా పని అయిపోలేదు, జీతం బిల్లు చేసే ఆఫీసుకి కోర్టు నుంచి అటాచ్‌మెంట్ ఎత్తేసినట్టు ఆర్డరు పోవాల, లేకపోతే వాళ్ళు పాత ఆర్డరు ప్రకారం కోస్తానే ఉంటారు, అది వాళ్ళ తప్పు కాదు. మాది ఆ ఆర్డరు చేరేలోపు బిల్లు పోయిండాది, ఒక నెల ఎక్కువ కోసేసినారు, అది కోర్టులో ఉంది, వాపసు కోసం పిటిషన్ వేసినాం. ఆర్డరు సర్టిఫైడ్ కాపీ ఒకటి తీసి నాయన సర్వీసు కాగితాల్లో పెట్టినా.

ఇప్పుడు మిగిలింది ఆ తోటి ఉద్యోగి. ష్యూరిటీ కట్టిన డబ్బు అసలు అప్పు చేసినోడి దగ్గర రాబట్టుకునే హక్కు ఉంది, కట్టిన నాటినుంచి మూడేండ్ల లోపల కేసు వేయాల. ఇన్నేండ్లు ఒకచోట పనిచేసినాం, ఎట్లా అడిగేదని నాయన మొహమాటపడినాడు. అమ్మ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు, ఆ డబ్బులో మా చేని కష్టం ఉంది. లాయరు నోటీసు పోయిన వారం పంపినాం.