పాత ఆఫీసు పనికి గంట రేటు

ఆదివారం

రేపటికల్లా పాత ఆఫీసు వాళ్లకి రేటు చెప్పాలి. జీతాల సాఫ్ట్‌వేర్ సపోర్టు, నెలకి పది గంటల్లోపు పని. పొద్దున్నే లెక్క మొదలుపెట్టాను.

ఉద్యోగంలో ఏడాది సీటీసీ (కంపెనీ నా మీద పెట్టే మొత్తం ఖర్చు) 12 లక్షలు అనుకుని 2,080 గంటలతో (వారానికి 40, 52 వారాలు) భాగిస్తే 577 వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగి ఆరొందలు చెప్పేస్తారు. అది నష్టపు రేటు. ఆ 2,080లో పండగలూ సెలవులూ ఉన్నాయి, వాటికి ఇకమీదట డబ్బిచ్చేవాళ్లు లేరు. కొటేషన్లు, ఇన్‌వాయిస్‌లు, కొత్త పని వెతుక్కోవడం పోను బిల్లు వేయగలిగేది వెయ్యి గంటలే. 12 లక్షలని వాటితో భాగిస్తే గంటకి 1,200. ల్యాప్‌టాప్, నెట్, ఆరోగ్య బీమా, పని దొరకని నెలల కోసం ఇంకో పావు వంతు కలిపితే 1,500. 'మన మనిషివే కదా' అని బేరమాడితే గంటలు తగ్గించుకోమనాలి, రేటు మాత్రం దించకూడదు.

అసలు చిక్కు చిన్న కాల్స్‌తోనే. నెలాఖరు రాత్రి జీతాల రన్ (అందరి జీతాలూ ఒకేసారి లెక్కగట్టే పని) ఆగిపోతుంది. చూస్తే అటెండెన్స్ ఫైల్లో ఉద్యోగుల నంబర్ల ముందున్న సున్నాలను ఎక్సెల్ తినేసి ఉంటుంది. సరిచేయడం ఐదు నిమిషాలు. వీపీఎన్‌తో ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఎక్కి, లాగ్ (సాఫ్ట్‌వేర్ రాసుకునే చిట్టా) చదివి, రన్ మళ్లీ వేసి, మొత్తాలు పోయిన నెలతో సరిపోల్చేసరికి గంట. కొత్తవాళ్లకైతే రెండ్రోజుల పని. అందుకే ఏ కాల్ అయినా కనీసం ఒక గంట బిల్లు. రాత్రి 9 దాటినా, ఆదివారమైనా ఒకటిన్నర రెట్లు, 2,250.

పది గంటలకి 15,000, నెల మొదట్లోనే అడ్వాన్సుగా. వాడని గంటలు తర్వాతి నెలకి కలవవు. ప్రొఫెషనల్ ఫీజు కింద 10 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తే చేతికి 13,500. ఆ 1,500 రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటనంతవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు) మాత్రం చేయించాలి, ఉచితమే. అది ఉంటే పది దాటిన అదనపు గంటల బిల్లుని 45 రోజులకి మించి ఆపడానికి వాళ్లకి చట్టం ఒప్పుకోదు.

ఒప్పందంలో రాయాల్సింది ఇంకొకటుంది: ఎంతసేపట్లో స్పందిస్తానో చెప్పగలను, ఎంతసేపట్లో బాగవుతుందో హామీ ఇవ్వలేను. పాత లాగిన్ ఇంకా పనిచేస్తున్నా ముట్టుకోకూడదు. కన్సల్టెంట్ పేరుతో కొత్త ఐడీ ఇచ్చాకే పని మొదలు.