మిక్స్‌డ్ సాఫ్ట్‌బాల్‌లో లైనప్ రాసే పని నాకు పడ్డాక

ఆడా మగా కలిసి, బేస్‌బాల్‌ని పోలిన సాఫ్ట్‌బాల్ ఆడే మా టీమ్‌లో లైనప్, అంటే ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ వరసలో బ్యాటింగ్‌కి రావాలో రాసే పని నేను అడిగి తీసుకున్నది కాదు. మా కెప్టెన్ గారికి ఆటంటే ప్రాణం, కాగితాలంటే చిరాకు. "రూల్స్ ఒకసారి చదివి పెట్టమ్మా, మిగతాది చూసుకుందాం" అని లీగ్ వాళ్లు పంపిన ఫైల్ నాకు తోసేశారు. మిగతాది కూడా నేనే చూసుకోవాల్సి వస్తుందని ఫైల్ సగం చదివేసరికే అర్థమైంది.

ఒలింపిక్స్‌లో 1996 నుంచి 2008 దాకా, ఆ తర్వాత టోక్యోలో కనిపించిన సాఫ్ట్‌బాల్ ఫాస్ట్‌పిచ్, అంటే బంతిని వేగంగా వేసే రకం. అది మహిళల జట్ల ఆట. ఆడా మగా కలిసి సరదాగా ఆడే లీగుల్లో ఎక్కువగా ఉండేది స్లోపిచ్. బంతి వేసే పిచర్ చేతిని కింద నుంచి ఊపుతూ బంతిని నిదానంగా పైకి లేపి వేయాలి. అది కనీసం 6 అడుగుల ఎత్తు లేవాలి, పైహద్దు 10 అడుగులా 12 అడుగులా అన్నది లీగ్‌ని బట్టి ఉంటుంది. మా దాంట్లో బ్యాటర్ పక్కన నేల మీద ఉండే హోమ్ ప్లేట్ వెనక ఒక మ్యాట్ కూడా పరిచేవారు. బ్యాటర్ కొట్టకుండా వదిలేసిన బంతి మ్యాట్ మీద పడితే స్ట్రైక్, లేకపోతే బాల్. స్ట్రైకులు మూడైతే బ్యాటర్ అవుట్. అంపైర్‌తో గొడవలు సగం తగ్గిపోతాయి, హాయి.

మామూలు రూల్స్ పెద్దగా కష్టపెట్టలేదు. బంట్ చేస్తే, అంటే బ్యాట్ ఊపకుండా బంతికి ఊరికే ఆనిస్తే అవుట్. రన్నర్లు వరసగా తాకుతూ పరుగెత్తే మూలలే బేసులు. బంతి కొట్టకముందే తర్వాతి దానికి పరుగెత్తే బేస్ దొంగతనం లేదు, బంతి ప్లేట్ దగ్గరికి చేరకముందే రన్నర్ బేస్ వదిలితే అవుట్. రెండు స్ట్రైకుల తర్వాత ఫౌల్ కొట్టినా, అంటే బంతిని పక్క గీతల బయటికి కొట్టినా అవుటే. క్రికెట్ చూస్తూ పెరిగిన మా వాళ్లకి ఈ ఫౌల్ సంగతి మాత్రం ఎంతకీ ఎక్కేది కాదు. వెనక్కి వెళ్లిన బంతికి కూడా పరుగు తీయబోయి ఆగేవాళ్లు. ఫస్ట్ బేస్ దగ్గర రెండు రంగుల జంట బేస్ ఉంటుంది. తెల్లది ఫీల్డర్‌కి, నారింజ రంగుది రన్నర్‌కి. ఇద్దరూ గుద్దుకోకుండా చేసిన ఏర్పాటు. స్నేహపూర్వక ఆటలో కాలు విరగ్గొట్టుకోవడం ఎవరికీ సరదా కాదు కాబట్టి నాకు బాగా నచ్చిన రూల్ ఇదే.

రిజిస్ట్రేషన్‌లో తలనొప్పంతా రోస్టర్‌తోనే, అంటే ఆడేవాళ్ల పేర్ల జాబితాతోనే. ప్రతి ఒక్కరూ దెబ్బ తగిలితే బాధ్యత తమదేనని ఒప్పుకుంటూ సంతకం చేయాలి. ఫలానా తేదీ దాటాక కొత్త పేర్లు చేర్చకూడదు. సంతకం లేనివాళ్లు మ్యాచ్ ఆడితే ఆ మ్యాచ్ పోయినట్టే. మగవాళ్ల పేర్లు ఒక్క సాయంత్రంలో వచ్చేశాయి. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి "నాకు ఆడటం రాదు కదా" అన్నవాళ్లే ఎక్కువ. వాళ్లతో పోలిస్తే ఆ మగవాళ్లకి వచ్చిందేమీ లేదు, అది వేరే విషయం.

అసలు మెలిక మిక్స్‌డ్ రూల్స్‌లో ఉంది. ఫీల్డ్‌లో పదిమంది, అందులో ఐదుగురు ఆడవాళ్లు, ఐదుగురు మగవాళ్లు. అంతటితో సరిపోదు. బేసుల దగ్గరున్న ఇన్‌ఫీల్డ్‌లో ఇద్దరు, ఇద్దరు. దాని వెనక దూరంగా ఉండే ఔట్‌ఫీల్డ్‌లో ఇద్దరు, ఇద్దరు. పిచర్, ప్లేట్ వెనక బంతి పట్టే క్యాచర్‌లలో ఒకరు ఆడ, ఒకరు మగ. ఈ లెక్క లేకపోతే ఏం జరుగుతుందో మా ప్రాక్టీసుల్లోనే చూశాను: ఆడవాళ్లందరినీ బంతి రాని మూలకి పంపేసి, మంచి చోట్లన్నీ మగవాళ్లు పంచుకునేవాళ్లు. బ్యాటింగ్ ఆర్డర్‌లోనూ ఒకరి తర్వాత ఒకరు మారుతూ రావాలి. బంతులు కూడా వేరు. మగవాళ్లకి 12 అంగుళాల చుట్టుకొలత ఉన్నది, ఆడవాళ్లకి 11 అంగుళాలది. చిన్న బంతి ఎక్కువ దూరం వెళ్తుందని అలా పెట్టారట. ప్రతి బ్యాటర్‌కీ బంతి మార్చడం ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. మా టీమ్‌లో ఆ ఎవరో ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

నాలుగు బాల్స్ పడితే బ్యాటర్ కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కి వెళ్లడాన్ని వాక్ అంటారు. మా లీగ్ వాక్ రూల్ చదివినప్పుడు మొదట ఒళ్లు మండింది. మగ బ్యాటర్‌కి నాలుగు బాల్స్ పడి వాక్ వస్తే అతనికి ఒకటి కాదు, రెండు బేసులు. అంటే నేరుగా సెకండ్ బేస్‌కి. అప్పటికి రెండు అవుట్లు అయి ఉంటే, తర్వాత వచ్చే ఆడ బ్యాటర్ కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్లొచ్చు, లేదా బ్యాటింగ్ చేయొచ్చు. ఆమె ఇష్టం. ఆడవాళ్ల మీద జాలి చూపిస్తున్నారేమో అనుకున్నాను. అవతలి పిచర్ స్థానంలో నిలబడి ఆలోచిస్తే విషయం తిరగబడింది. ఈ రూల్ లేకపోతే బలంగా కొట్టే మగ బ్యాటర్‌కి కావాలనే నాలుగు చెత్త బంతులేసి పంపించి, వెనకొచ్చే ఆడమనిషిని తేలిగ్గా అవుట్ చేసుకోవచ్చు. ఈ రూల్ వల్ల ఆ ఎత్తు వేసినవాడికే నష్టం. శిక్ష పిచర్‌కి, ఎంచుకునే హక్కు బ్యాటర్‌కి.

మా రెండో మ్యాచ్‌లోనే అది పనికొచ్చింది. రెండు అవుట్లు. మా టీమ్‌లో గట్టిగా కొట్టేవాడికి వాక్ ఇచ్చి సెకండ్ బేస్‌కి పంపారు. తర్వాత బ్యాటింగ్ నాది. అంపైర్ "వాక్ తీసుకుంటారా, ఆడతారా?" అని అడిగారు. నేను నోరు విప్పేలోపు డగౌట్ నుంచి, అంటే మా టీమ్ కూర్చునే చోటు నుంచి మా వాళ్లు "వాక్ తీసుకో, వాక్!" అని ఒకటే కేకలు. వాళ్ల లెక్క తప్పేం కాదు. నేను ఫస్ట్‌కి వెళ్తే ఇద్దరు రన్నర్లతో మరో మంచి బ్యాటర్ వస్తాడు. కానీ ఆ ప్రశ్న అంపైర్ అడిగింది నన్ను. ఆడతానన్నాను. బంతి థర్డ్ బేస్ మీదుగా వెళ్లి గడ్డిలో పడింది, ఒక పరుగు వచ్చింది. ఆ తర్వాత మా టీమ్‌లో ఏ అమ్మాయికి వాక్ అవకాశం వచ్చినా డగౌట్ నోరు మూసుకునే ఉంది. కొందరు వాక్ తీసుకున్నారు, కొందరు కొట్టారు.

ఔట్‌ఫీల్డ్ గీత కూడా ఇలాంటిదే. ఆడ బ్యాటర్ ఉన్నప్పుడు, బంతి బ్యాట్‌కి తగిలేదాకా ఔట్‌ఫీల్డర్లు ఆ గీత దాటి ముందుకు రాకూడదు. లేకపోతే నలుగురూ ఇన్‌ఫీల్డ్ అంచుకి వచ్చి నిలబడి, ఇన్‌ఫీల్డ్ దాటిన బంతిని కూడా ఫస్ట్ బేస్‌కి విసిరి అవుట్ చేసేస్తారు. గీత ఎంత దూరంలో ఉండాలో ఒక్కో లీగ్ ఒక్కోలా పెట్టుకుంటుంది, మ్యాచ్ ముందు అడగడం మంచిది.

నేను ఒప్పుకోలేనిది ఆటోమేటిక్ అవుట్ ఒక్కటే. ఐదుగురు ఆడవాళ్లు రావాల్సినచోట నలుగురే వస్తే, బ్యాటింగ్ ఆర్డర్‌లో ఆ ఖాళీ వచ్చిన ప్రతిసారీ ఒక అవుట్ రాసేస్తారు. మా వాళ్లలో ఒకామె పిల్లాడికి జ్వరమని చివరి నిమిషంలో రాలేకపోయింది. ఆ రోజంతా ఎదురుగా ఎవరూ లేకుండానే మాకు అవుట్లు పడ్డాయి. మగవాళ్లతో ఆ ఖాళీ నింపుకోకూడదన్న ఉద్దేశం సరైనదే. కానీ శిక్ష పడేది వచ్చి ఆడుతున్న నలుగురికి. ఇంకోవైపు మనుషులు ఎక్కువైనప్పుడు మాత్రం లీగ్ ఉదారంగానే ఉంది. మగవాళ్లకో వరస, ఆడవాళ్లకో వరస వేరువేరుగా రాసుకుని, ఒకదాని నుంచి ఒకరిని, రెండోదాని నుంచి ఒకరిని పిలవొచ్చు. ఏడుగురు మగవాళ్లు, ఐదుగురు ఆడవాళ్లు ఉన్నా ఇబ్బంది లేదు. ఆడవాళ్లకి వంతు త్వరగా తిరిగొస్తుంది, అంతే.

సీజన్ అయ్యాక కెప్టెన్ల మీటింగ్‌కి మా కెప్టెన్ గారు నన్నే పంపారు. ఆటోమేటిక్ అవుట్ తీసేయమని అడిగాను. చాలాసేపు వాదించుకుని మధ్యస్థంగా ఒకటి తేల్చారు: ఆడవాళ్లలో ఒక్కరే తక్కువైతే, అవతలి కెప్టెన్ మ్యాచ్ ముందే ఒప్పుకుంటే అవుట్ రాయరు. ఇద్దరు తక్కువైతే పాత పద్ధతే. వచ్చే సీజన్‌కి రోస్టర్‌లో ఆడవాళ్ల పేర్లు ఎనిమిది రాశాను, ఇంకో ఇద్దర్ని అడుగుతున్నాను.