కోసిన చేలో వెల్లకిలా పడుకుని, బాతుల కోసం

పోయిన జనవరిలో ఒక తెల్లవారుజామున, గుడివాడ దాటి ముదినేపల్లి వెళ్ళే దారిలో ఒక కోసిన వరిచేలో నేను వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఒంటి మీద గడ్డి, మొహం మీద వల, పొట్ట మీద కెమెరా. పక్క మడికి దాళ్వా, అంటే రెండో పంట వరి, దమ్ము కోసం నీళ్ళు పెట్టారు. ఆ నీళ్ళలో బాతులు దిగుతున్నాయి. ముందు రెక్కల గాలి చప్పుడు, ఆ వెంటనే పొట్ట నీళ్ళకు రాసుకున్న చప్పుడు, ఒకదాని వెనక ఒకటి. తల తిప్పి చూడాలని ఎంత అనిపించినా తిప్పలేదు. ఆ తల తిప్పకుండా ఉండటం నేర్చుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది, ఆ మూడేళ్ళలో తెలిసినవి రాద్దామనే ఈ పోస్టు.

నేను పడుకున్న ఆ ఏర్పాటుని లేఅవుట్ బ్లైండ్ అంటారు. మనవైపు లేఅవుట్ అంటే ప్లాట్లు వేసిన స్థలం కాబట్టి ఆ పేరు వదిలేసి పడుకునే మాటు అనుకోండి. అమెరికా, కెనడాల్లో బాతుల్ని, గూస్ అనే పెద్ద అడవి బాతుల్ని వేటాడేవాళ్ళు వాడే వస్తువు ఇది. కోసేసిన మొక్కజొన్న చేలో, గోధుమ చేలో చెట్టూ పుట్టా ఏమీ ఉండవు, నిలబడితే మైలు దూరం నుంచి కనపడతారు. అందుకని మనిషి పట్టేంత పొడుగున్న ఒక చట్రం, దాని మీద గుడ్డ, తల పెట్టుకోవడానికి వాలు, పైన రెండు రెక్కల తలుపు. లోపల పడుకుని, పక్షులు దిగేటప్పుడు తలుపు తోసి లేచి కూర్చుని కాలుస్తారు. మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో ఉంటాడు. వాడి ఆఫీసులో ఒకాయన వేటకి వెళ్తాడట, ఆయన మాటు ఫొటో వాడు వాట్సాప్‌లో పంపిస్తే మొదటిసారి చూశాను. ఆ ఫొటోలో నన్ను ఆపేసింది మాటు కాదు, దాని వెనకున్న వరి కొయ్యకాళ్ళు. ఆర్కన్సా తూర్పు వైపు వరి ఎక్కువ. అక్కడ స్టట్‌గార్ట్ అనే ఊళ్ళో వరీ బాతులూ రెండూ ఊరి పేరుకి గుర్తులు, బాతు కూతలు కూసే పోటీలు 1936 నుంచి జరుగుతున్నాయి. కోసిన వరిచేలో రాలిన గింజల కోసం బాతులు దిగడం అక్కడా అంతే, మన కృష్ణా డెల్టాలోనూ అంతే.

మన దగ్గర వేట నేరం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అలా ఉండాలనే నేను కోరుకుంటాను. అక్కడి వేటగాళ్ళని తిట్టడానికి మాత్రం నాకు నోరు రాదు, ఎందుకంటే 1934 నుంచి అక్కడ బాతుల వేటకి వెళ్ళేవాడు ఏటా ఒక స్టాంపు కొనాలి, ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొని కాపాడుతున్నారు. పక్షి దగ్గరికి వెళ్ళాలనే కోరిక వాళ్ళదీ నాదీ ఒకటే, ఆఖరి క్షణంలో చేసే పని వేరు.

నేను ఫొటోలు మొదలుపెట్టింది గుంటూరు పక్కన ఉప్పలపాడులో. అక్కడ చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెట్టుకుంటాయి, ఊరివాళ్ళ మధ్యే ఉండటం అలవాటైన పక్షులు, మనిషిని చూసి బెదరవు. మాటు అవసరమే లేదు. కొల్లేట్లో ఆటపాక దగ్గర పడవలో తిప్పుతారు, అక్కడా ఫొటోలు వస్తాయి. కానీ సైబీరియా వైపు నుంచి వచ్చే పిన్‌టెయిల్, గార్గనీ, షవలర్ బాతులు వేరు. వాటిని అక్కడి నుంచి ఇక్కడిదాకా దారి పొడుగునా మనుషులు పట్టుకు తింటూనే ఉన్నారు కాబట్టి నిలబడ్డ మనిషి ఆకారం కనపడితే చాలు, రెండొందల గజాల అవతలే లేచిపోతాయి. పొలంలో వాటిని దగ్గరగా, వాటి కంటి ఎత్తులో తీయాలంటే పడుకోవాలి, వేరే దారి నాకు కనపడలేదు.

అమెరికా నుంచి తెప్పించుకోవడానికి ధర, బరువు రెండూ కుదరలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో అరంగుళం పైపుతో చట్రం చేయించాను, ఆరున్నర అడుగుల పొడవు, తల దగ్గర అడుగున్నర ఎత్తు, కాళ్ళ దగ్గర అడుగు కూడా లేదు, మధ్యలో మడిచి కారు డిక్కీలో పెట్టుకోవచ్చు. వెల్డింగ్ అబ్బాయి ఇది దేనికన్నా అని మూడుసార్లు అడిగాడు. మొదటి ఏడాది దాని మీద ఆన్‌లైన్‌లో కొన్న మిలటరీ డిజైన్ గుడ్డ కప్పాను, అడుగున ఆకుపచ్చ టార్పాలిన్ పట్టా. ఆ ఏడాది ఒక్క బాతు దిగలేదు. గుంపు వచ్చేది, ఒక చుట్టు తిరిగేది, నా నెత్తిన రాగానే గుంపంతా ఒక్కసారి పైకి లేచి వెళ్ళిపోయేది. ఎందుకో అర్థంకాక ఒకరోజు పక్క మోటారు షెడ్డు ఎక్కి చూశాను. పైనుంచి చూస్తే బంగారు రంగు చేను మధ్యలో నల్లటి మచ్చ, శవపేటిక ఆకారంలో, దాని అంచున టార్పాలిన్ అద్దంలా మెరుస్తోంది. నేను కింద నిలబడి చూసి బాగుందనుకున్నాను, బాతు పైనుంచి చూస్తుందన్న సంగతే ఆలోచించలేదు.

అప్పుడు ఆ గుడ్డ తీసేసి వన్‌టౌన్‌లో పాత గోతాలు కొన్నాను. ఆ చేలోదే మట్టి నీళ్ళలో చిక్కగా కలిపి, చీపురుతో గోతాల నిండా పూసి, రెండు రోజులు ఎండబెట్టి దులిపాను. అమెరికా వాళ్ళు కూడా కొత్త మాటుకి మొట్టమొదట చేసే పని ఇదేనట, కొత్త గుడ్డ మెరుపు పోవడానికి. గోతాల మీద జానెడు జానెడు దూరంలో పురికొసతో ముళ్ళు వేసి, ఆ ముళ్ళలో గడ్డి దోపాను. గడ్డి ఆ చేలోదే అయి ఉండాలి, దీని గురించి మాత్రం నేను ఎవరితోనైనా వాదిస్తాను. పక్క ఊరి గడ్డి తెస్తే రంగు తేడా కొడుతుంది, వానకి తడిసిన గడ్డి ఒక రంగు, ఆరిన గడ్డి ఒక రంగు, మిషన్ కోసిన చేలో గడ్డి వరసలుగా పడి ఉంటుంది, చేత్తో కోసిన చేలో కొయ్యకాళ్ళు పొట్టిగా ఉండి గడ్డే ఉండదు. మిషన్ కోసిన చేనే మంచిది, ఆ వరసల్లో ఒక వరస మీద పడుకుంటే నువ్వూ గడ్డి వరసవే. మినుము చల్లిన చేలోకి మాత్రం వెళ్ళకూడదు. కోతకి ముందే చల్లేస్తారు కాబట్టి కొయ్యకాళ్ళ మధ్య మొలకలు ఉంటాయి, మన ఫొటో కోసం ఒక మంచం మేర పంట పాడుచేయడం తప్పు.

రంగు సరిపోయాక కూడా ఇంకా కొన్ని గుంపులు బెదిరేవి. అది నీడ వల్ల. సూర్యుడు పది డిగ్రీల ఎత్తులో, అంటే పొద్దు పొడిచిన ముప్పావు గంటకి, ఏ వస్తువు నీడైనా దాని ఎత్తుకి ఐదున్నర రెట్లు దాటుతుంది. నాలుగున్నర అడుగుల డేరా వేసుకుంటే పాతిక అడుగుల నల్లటి నీడ చేలో పడుతుంది. నా అడుగున్నర మాటుకి కూడా ఎనిమిదిన్నర అడుగులు పడుతుంది, అదీ తిన్నటి గీతల నీడ, పొలంలో అలాంటి గీత వేరే ఏదీ ఉండదు. అందుకని మాటుకి నాలుగు వైపులా గడ్డిని వాలుగా, కుచ్చులు కుచ్చులుగా, చిందరవందరగా వేస్తాను, అంచు ఎక్కడా తిన్నగా ఉండకూడదు. వాళ్ళయితే కొంచెం గొయ్యి తీసి అందులో మాటు దించుతారు. రైతు పొలంలో గొయ్యి తీస్తాననడం నాకు ఇష్టం లేక, ఎండిపోయిన బోదె ఉంటే అందులోనే పెడతాను.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. బాతులు గాలికి ఎదురుగా దిగుతాయి, విమానం లాగే. జనవరిలో మనకి పొద్దున పూట గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది, సూర్యుడు ఆగ్నేయానికి జరిగి పొడుస్తాడు. కాబట్టి తల తూర్పుకి, కాళ్ళు పడమటికి పెట్టుకుని పడుకుంటే గాలీ వెలుగూ రెండూ వెనకనుంచే. బాతు నా కాళ్ళవైపు నుంచి నా మొహంలోకి చూస్తూ, ఎండ మీద పడుతూ దిగుతుంది. డెల్టాలో ఫొటోలు తీసేవాళ్ళకి ఇంతకంటే అదృష్టం ఉందా?

ఒక చిక్కు ఉంది. ఈ మాటు వేటగాడి కోసం కనిపెట్టింది, వాడు లేచి కూర్చుంటాడు, ఆ క్షణంతో వాడి పని అయిపోతుంది. నేను లేస్తే అన్నీ పోతాయి. వెల్లకిలా పడుకునే తీయాలి, గడ్డం గుండెలకి ఆనించి, లెన్సు మోకాళ్ళ మధ్య పెట్టుకుని. ఎగిరే పక్షికి బాగుంటుంది, నీళ్ళలో ఉన్న పక్షికి మెడ పట్టేస్తుంది. అందుకే తలుపులు పీకేసి ఆ మేర వల కుట్టించాను, చట్రం వెడల్పు ఇంకో అడుగు పెంచి చేయించాను, బోర్లా తిరగడానికి. బోర్లా పడుకున్నప్పుడు లెన్సు కింద శనగలు నింపిన గుడ్డసంచి. తిరగడం అంతా వెలుగు రాకముందే అయిపోవాలి.

ఇప్పుడు ఒక విషయం చెప్పాలి, ఈ పోస్టులో మిగతాదంతా మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. మొదటి ఏడాది నేను పొలం యజమానిని అడిగే వెళ్ళాను, కానీ పక్క చేను రైతుకి చెప్పలేదు. ఒకరోజు ఆరున్నరకి పొగమంచులో ఎవరో గట్టు మీద పరిగెత్తుకొస్తున్న చప్పుడు, బాతులన్నీ లేచిపోయాయి, నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఆయన వచ్చి గడ్డి పీకేసి నా భుజం పట్టుకుని ఊపుతూ, "ఒరేయ్ అబ్బాయ్, లెగరా, ఏం తాగావురా" అని అరుస్తున్నాడు. అరవై దాటినాయన. చేతులు వణుకుతున్నాయి. గడ్డిలోంచి బయటికున్న నా బూట్లు చూసి, ఎవరో పురుగుమందు తాగి పడిపోయారనుకున్నాడు. లేచి కూర్చుని కెమెరా చూపించాను. ఆయన గట్టు మీద కూలబడి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, చాలా ఏళ్ళ కిందట ఇలాగే ఒకరిని తనే మొదట చూశానని, అప్పుడు పరిగెత్తినా లాభం లేకపోయిందని చెప్పాడు. ఆ రోజు నుంచి ముందురోజు సాయంత్రమే వెళ్ళి, చుట్టూ ఉన్న నాలుగు చేల వాళ్ళకీ, నీళ్ళు కట్టడానికి వచ్చే వాళ్ళకీ, ఎక్కడ పడుకుంటానో ఎన్ని గంటలకి లేస్తానో చెప్పి వస్తాను. రాకపోకల గట్టున ఒక వెదురు కర్రకి తెల్ల తువ్వాలు కడతాను. బాతులు దానికి రెండు రోజుల్లో అలవాటుపడతాయి.

పాముల గురించి అడుగుతారు. గడ్డిలో ఎలుకలుంటాయి, ఎలుకల కోసం పాములొస్తాయి, రక్తపింజరి చలికాలం గడ్డి కిందే ఉంటుంది. ముందురోజు గడ్డి మాటు మీద దోపి వదిలేసి వస్తే, పొద్దున టార్చి వేసి కర్రతో మొత్తం కదిపి, లోపల పట్టా ఎత్తి చూడకుండా కాళ్ళు పెట్టను. మోకాలిదాకా బూట్లు వేసుకుంటాను. ఒంటరిగా వెళ్ళను, కారు దగ్గర ఎవరో ఒకరు ఉంటారు.

తొమ్మిది దాటాక లోపల ఉడికిపోతుంది, కానీ బాతులు మడిలో ఉండగా లేవకూడదు. వాటంతట అవి వెళ్ళేదాకా ఆగాలి. ఒకసారి పదకొండున్నరదాకా ఉన్నాను. కూతలు ఫోన్‌లో పెట్టి పిలవడం, బొమ్మ బాతులు పెట్టడం నేను చేయను. వేల మైళ్ళు ఎగిరొచ్చిన పక్షి నాలుగు గింజలు తిని ఒళ్ళు కూడదీసుకునే టైము అది, దాన్ని ఒక్కసారి అనవసరంగా లేపినా అది తిన్నది ఖర్చయిపోతుంది. అభయారణ్యం హద్దుల్లోకి ఈ మాటు తీసుకెళ్ళను. మాటు కుదిరిందో లేదో చెప్పేది తీతువు. అందరికంటే ముందు అదే అరుస్తుంది, అది అరిస్తే మడి మొత్తం ఖాళీ. అది నా కాళ్ళ పక్కనుంచి నడిచి వెళ్ళిందంటే ఇక ఏ బాతూ నన్ను పట్టించుకోదు.

పోయిన జనవరి ఆ పొద్దున తీతువు నడిచి వెళ్ళింది. దాని వెనకే మగ పిన్‌టెయిల్ ఒకటి, మెడ మీద తెల్ల చార చెవి దాకా పాకి, పొడుగాటి తోక నీళ్ళ మీద ఆనకుండా ఎత్తి, నా లెన్సు ఫోకస్ పట్టలేనంత దగ్గరికి వచ్చింది. ఫొటో రాలేదు. దాని కంట్లో చేను, ఆకాశం కనపడ్డాయి, మాటు ఎక్కడుందో నాకే తెలియలేదు.

ఈ డిసెంబరులో కోతలు అయిపోయాక ఆ పక్క చేను పెద్దాయన ఫోన్ చేశాడు. "గడ్డి కట్టలు కట్టే మిషన్ వచ్చింది బాబూ, బోదె పక్క వరస రెండు బారలు వదిలేయమన్నాను, నీ పడకకి. ఎప్పుడొస్తావో ముందు చెప్పు."