71 మాటలు, 2 తప్పులు

పిల్లాడు పాఠం పైకి చదవడానికి ఇచ్చిన నిమిషం అయిపోయింది. 71 మాటలు, 2 తప్పులు. ఏడాది మొదట్లో ఇదే పిల్లాడి కాగితం మీద 62, 9 అని ఉంది.

పైపైన చూస్తే పెరిగింది 9 మాటలే. తప్పులు తీసేసి చూడండి: 53 నుంచి 69కి, అంటే 16. అసలు సంగతి ఆ తగ్గిన 7 తప్పులే. అప్పట్లో ఒత్తు కనిపిస్తే చాలు, మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేసేవాడు.

రెండుసార్లూ ఒకే పాఠం ఇస్తే మాత్రం ఈ లెక్క దండగ, సగం నోటికొచ్చేసి ఉంటుంది. అదే స్థాయిది, ఎప్పుడూ చూడనిది ఇవ్వాలి.

ఇక తరగతి సగటు... పిల్లలు మధ్యలో మారిన ఏడాది దాన్ని అస్సలు నమ్మొద్దు. 40, 50, 60, 70, 80 మార్కుల సగటు 60. 40 వచ్చిన పిల్ల వేరే బడికి వెళ్లిపోతే సగటు 65! ఎవరూ కొత్తగా ఒక్క ముక్క నేర్చుకోలేదు. మొదట్లోనూ చివర్లోనూ ఉన్నవాళ్లనే పోల్చాలి.

మధ్యలో చేరినవాళ్లకు చేరిన వారంలోనే మొదటి కొలత తీసుకోవాలి. మర్చిపోయేది సరిగ్గా అదే. ఈరోజు కట్టలో మూడు కాగితాలకు మొదటి గడి ఖాళీ.