టెల్మిసార్టన్ ఎవరికి, ఎప్పుడు పడదు

బీపీకి ఇప్పుడు ఎక్కువగా రాసే మందుల్లో టెల్మిసార్టన్ ఒకటి. మంచి మందే. షుగరు ఉండి మూత్రంలో ప్రొటీను పోతున్నవాళ్ళకి కిడ్నీలు త్వరగా పాడవకుండా కాపాడుతుంది కూడా. అయితే కొన్ని పరిస్థితుల్లో ఇదే మందు ఆ కిడ్నీలనే దెబ్బతీస్తుంది. ఈ నష్టం చాలావరకు తప్పించుకోగలిగిందే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మీ బిళ్ళల షీటు వెనక్కి తిప్పి చూడండి. పేరు చివర 'హెచ్' ఉంటే సాధారణంగా అందులో హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మి.గ్రా. కూడా ఉంటుంది. అది మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు. 'ఏఎం' అని ఉంటే ఆమ్లోడిపిన్. జాగ్రత్త ఎక్కువ కావలసింది హెచ్ బిళ్ళతోనే.

కిడ్నీలో రక్తం వడకట్టాలంటే లోపల కాస్త ఒత్తిడి ఉండాలి. రక్తాన్ని తెచ్చే సన్ననాళం తెరుచుకుని, తీసుకుపోయే నాళం కొంచెం బిగిసి ఉంటేనే ఆ ఒత్తిడి నిలుస్తుంది. టెల్మిసార్టన్ రెండోదాన్ని వదులు చేస్తుంది. మోకాళ్ళ నొప్పులకని డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుంటే మొదటిది ముడుచుకుంటుంది. హెచ్ బిళ్ళ వల్ల ఒంట్లో నీరు ఎలాగూ తగ్గి ఉంటుంది. దానికి తోడు మే నెల ఎండలో పనిచేసి చెమట కారితే వడపోతకు ఒత్తిడే మిగలదు, కొద్ది రోజుల్లోనే క్రియాటినిన్ (కిడ్నీలు సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం) ఎగబాకుతుంది. నొప్పి బిళ్ళలు మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చేస్తుంటారు. మీరు ఏ బీపీ మందు వాడుతున్నారో వాళ్ళు అడగకపోయినా చెప్పండి. నొప్పికి ముందు పారాసెటమాల్‌తో, పైన రాసుకునే జెల్‌తో సరిపెట్టుకోవడం మేలు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడూ ఇదే ప్రమాదం. డాక్టరుకి ఫోన్ చేసి బిళ్ళ ఆపాలా అని అడగండి. మామూలుగా తాత్కాలికంగా ఆపించి, తిండీ నీళ్ళూ సరిగ్గా తీసుకోవడం మొదలయ్యాక 24 నుంచి 48 గంటలకు మళ్ళీ వేసుకోమంటారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు మాత్రం అడగకుండా ఆపకూడదు. ఇంకో మాట, 'బీపీ బిళ్ళ ఆపమన్నారు' అని ఇంట్లో ఉన్నవన్నీ ఆపేయకండి. మెటోప్రొలాల్, క్లోనిడిన్ లాంటివి ఉన్నట్టుండి మానేస్తే గుండె దడ, బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు.

గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు వాడకూడదు. ముఖ్యంగా నాలుగో నెల నుంచి బిడ్డ కిడ్నీలు దెబ్బతిని, ఉమ్మనీరు తగ్గి, ఊపిరితిత్తులు సరిగా ఎదగవు. ప్రాణానికే ముప్పు. పేరు చివర 'సార్టన్' అని ఉన్నవీ, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి 'ప్రిల్' మందులూ అన్నీ ఇంతే. పిల్లల కోసం అనుకుంటున్నప్పుడే చెబితే లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా లాంటి వాటికి మారుస్తారు. మందు వాడుతుండగానే నెల తప్పితే, వచ్చే చెకప్ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి.

పిత్తనాళానికి అడ్డు ఉన్నవాళ్ళకీ టెల్మిసార్టన్ పనికిరాదు, ఎందుకంటే అది దాదాపు అంతా పిత్తంతోనే బయటికి పోతుంది.

ఇక పొటాషియం. ఈ మందు దాన్ని ఒంట్లో నిలబెడుతుంది. కిడ్నీలు అప్పటికే మందగించినవాళ్ళు రోజూ కొబ్బరి నీళ్ళు తాగినా, బీపీకి మంచిదని సోడియం తక్కువుండే ఉప్పుకు మారినా అది ఇంకా పెరుగుతుంది. ఆ ఉప్పులో సోడియం బదులు కలిపేది పొటాషియం క్లోరైడే. ఒంట్లో నీరు, వాపు తగ్గడానికి ఇచ్చే స్పైరనొలాక్టోన్, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చే కోట్రైమాక్సజోల్ కూడా పొటాషియాన్ని పెంచుతాయి. రక్త పరీక్షలో పొటాషియం 5.5 దాటితే మందు తగ్గించడమో ఆపడమో డాక్టరు చూడాలి. 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

అందుకే మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు మరోసారి, డోసు పెంచినప్పుడల్లా ఇంకోసారి క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించాలి. క్రియాటినిన్ 1.0 నుంచి 1.2కి పెరిగితే కంగారు పడి మానేయకండి, 30 శాతం లోపు పెరుగుదల ఈ మందుతో మామూలే. 1.6 అయితే మాత్రం ఒంట్లో నీరు తగ్గిందా, నొప్పి బిళ్ళలు వాడారా అని చూసి, అవేవీ కాకపోతే కిడ్నీలకు వెళ్ళే రక్తనాళాలు రెండు వైపులా సన్నబడ్డాయేమో డాప్లర్ స్కాన్‌తో తేల్చుకోవాలి.