తెలుగు పదంలో మొదటి అక్షరం

కర్నూలులో పెళ్లిపత్రికలు అచ్చువేసే మిత్రుడి కోసం నిరుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. ఇంటిపేరులోని మొదటి అక్షరాన్ని తీసుకొని, చుక్క పెట్టి, ఆపై పేరు చేర్చడం దాని పని. స్ట్రింగులో, అంటే ప్రోగ్రాము దాచుకునే అక్షరాల వరుసలో, స్థానాల లెక్క సున్నాతో మొదలవుతుంది కనుక, సున్నా స్థానంలో ఉన్నదాన్ని తీసుకొమ్మన్నాను. పసుపులేటి వారికి ‘ప.’ అని సరిగానే వచ్చింది. శ్రీపతి వారి ప్రూఫు చూసిన పెద్దాయన మాత్రం, “మా ఇంటిపేరు ‘శ’ కాదు నాయనా, ‘శ్రీ’” అన్నారు.

తప్పు ఆయనది కాదు, నాది. మనం ఒక్క అక్షరమనుకునే ‘శ్రీ’, లిపి గుర్తులకు సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అనే నాలుగు సంకేతాల వరుస. ‘కర్నూలు’ కంటికి మూడు అక్షరాలే అయినా, పొడవు ఎంతని పైథాన్‌ను అడిగితే ఏడు అంటుంది; సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే, ఒక్కో సంకేతానికి మూడు చొప్పున 21 బైట్లు పడుతుంది. ‘కడప’కు గుణింతమూ ఒత్తూ లేవు కనుక మనకూ యంత్రానికీ లెక్క మూడే. నేను ‘కడప’తోనే పరీక్షించి అంతా బాగుందనుకున్నాను.

స్ట్రింగులో ఒక సంకేతాన్ని మార్చడంలో మరో చిక్కు ఉంది. పైథాన్ స్ట్రింగును ఉన్నచోట మార్చనివ్వదు, టైప్ఎర్రర్ అనే దోషం చూపి ఆగిపోతుంది. అందువల్ల దాన్ని విడివిడి సంకేతాల లిస్టుగా విడగొట్టి, కావలసిన చోట మార్చి, జాయిన్ అనే ఆదేశంతో మళ్లీ కలిపి కొత్త స్ట్రింగు చేసుకోవాలి. అప్పుడు ‘కర్నూలు’లో మైనస్ ఒకటో స్థానాన, అంటే చివర, దొరికేది ‘లు’ కాదు, దాని కొమ్ము మాత్రమే. ఆ కొమ్ము స్థానంలో పొల్లు పెడితే ‘కర్నూల్’ అవుతుంది. ఇలాంటి పనికి సంకేతాల లెక్కే అనుకూలం. సీ భాషలో క్యారెక్టర్ అర్రేను, అంటే బైట్ల వరుసను, ఉన్నచోటనే మార్చవచ్చు గానీ, అక్కడ చేతికందేది ఒక్కో బైటు. తెలుగు సంకేతానికి ఉండే మూడు బైట్లలో ఒకటి మార్చినా అది వేరే సంకేతమవుతుంది, లేదా చెల్లని బైట్ల ముక్కగా మిగులుతుంది.

కంటికి కనిపించే అక్షరాన్ని గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. తెలుగు సంయుక్తాక్షరాన్ని పొల్లు దగ్గర తెంపకూడదన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షనుతో వచ్చింది. ప్రోగ్రామును సరిదిద్దడానికి నేను వాడిన లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడు) పాత నియమానిది కావడంతో ‘శ్రీ’ నుంచి ‘శ్’ మాత్రమే ఇచ్చింది. కనుక ముక్క పొల్లుతో ముగిస్తే తరువాతి ముక్కనూ కలుపుకొమ్మని ఒక లూపు చేర్చాను. రెండో ప్రూఫులో ‘శ్రీ.’ వచ్చింది.