ఎథెల్ అని పిలిస్తే ఆవిడకి నచ్చేది కాదు

అమెరికన్ టీవీ కామెడీ ‘ది లూసీ షో’లో 1963 జనవరిలో వచ్చిన ఎపిసోడ్ ఒకటుంది. ఇద్దరాడవాళ్ళు ఇంట్లో సొంతంగా షవర్ గది బిగించుకుంటారు. తలుపు తెరుచుకోదు, నీళ్ళు పోయే దారి ఉండదు, లోపల ఇరుక్కుపోయిన ఇద్దరి చుట్టూ నీళ్ళు పైపైకి వస్తుంటాయి. అడుగున ఉన్న బిరడా తీద్దామని లూసీ వేషం వేసిన కామెడీ స్టార్ లూసిల్ బాల్ మునిగింది, మునిగిన మనిషి నిజంగానే పైకి రాలేకపోయింది. కెమెరాలు తిరుగుతున్నాయి, ఎదురుగా కూర్చున్న జనం నవ్వుతున్నారు, ఎవరికీ సంగతి తెలీదు. పక్కనున్నావిడ కనిపెట్టి, జుట్టు పట్టుకుని పైకి లాగి, లూసిల్ ఊపిరి తిప్పుకునేదాకా నోటికొచ్చిన డైలాగేదో తనే చెప్పుకుంటూ సీన్ ఆగకుండా నడిపేసింది. ఇది లూసిల్ బాల్ తర్వాత తనే చెప్పిన సంగతి.

నేను మొదటిసారి చూసినప్పుడు పడీ పడీ నవ్వాను. విషయం తెలిశాక మళ్ళీ పెట్టుకుని చూశాను, ఈసారి నవ్వు అంత తేలిగ్గా రాలేదు. అప్పట్నించీ నాకో అలవాటు పట్టుకుంది, లూసీ ఎపిసోడ్ ఏది చూసినా నా కళ్ళు లూసీ మీద ఉండవు, పక్కనున్న వివియన్ వాన్స్ మీదే ఉంటాయి. అంతకుముందు ‘ఐ లవ్ లూసీ’ సిరీస్‌లో లూసీ పక్కింటి ఎథెల్‌గా వేసింది ఈవిడే. లూసిల్ బాల్ గురించి పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి, సొంతూళ్ళో విగ్రహాలు కూడా ఉన్నాయి. ఈవిడ గురించి రాసేవాళ్ళు తక్కువ. కాబట్టి నేను రాస్తున్నా.

అసలు పేరు వివియన్ రాబర్టా జోన్స్. 1909 జూలై 26న కాన్సస్ రాష్ట్రంలోని చెర్రీవేల్‌లో పుట్టింది, ఆరుగురు పిల్లల్లో రెండోది. తర్వాత కుటుంబం అదే రాష్ట్రంలో ఇండిపెండెన్స్ అనే ఊరికి మారింది. అమ్మకి దైవభక్తి బాగా ఎక్కువ, నాటకాలంటే పాపం అనుకునే మనిషి. కూతురికేమో చిన్నప్పట్నించీ స్టేజీ పిచ్చి, రాత్రిళ్ళు గదిలోంచి దొంగచాటుగా జారుకునే రకం. ఆ గొడవ ఆమెని జీవితాంతం వదల్లేదనే నాకు అనిపిస్తుంది. తర్వాత జోన్స్ పోయి వాన్స్ వచ్చింది, జానపద సాహిత్యం సేకరించే వాన్స్ రాండాల్ఫ్ పేరులోంచి తీసుకున్న పేరు అది.

న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీకి చేరాక అక్కడి లిటిల్ థియేటర్‌లో 1930లో నటించడం మొదలుపెట్టింది. ఆ ఊరివాళ్ళకి ఈ అమ్మాయి ఎంత నచ్చిందంటే, ఇక్కడుంటే నీ ప్రతిభ వృథా, న్యూయార్క్ వెళ్ళు అని 1932లో అందరూ కలిసి డబ్బులు పోగుచేసి పంపించారు. ఊరంతా చందాలేసుకుని పంపడం అంటే ఆ అమ్మాయి నెత్తిన ఎంత బరువు పెట్టినట్టో ఆలోచించండి. ఓడిపోయి వెనక్కి రావడానికి కూడా మొహం చెల్లదు. (ఈ ఆల్బకర్కీని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.)

న్యూయార్క్‌లో మొదట కోరస్‌లో, అంటే వెనకాల గుంపులో పాడే పని దొరికింది. 1934లో ‘ఎనీథింగ్ గోస్’ అనే మ్యూజికల్‌లో హీరోయిన్‌కి అండర్‌స్టడీ, అంటే ఆవిడ రాలేని రోజున ఆ వేషం కట్టాల్సిన మనిషి. ఆ హీరోయిన్ ఎవరో తెలుసా, ఎథెల్ మెర్మన్. ఒక ఎథెల్‌కి బదులుగా నిలబడడానికి రెడీగా కూర్చున్న అమ్మాయి, మిగిలిన జీవితమంతా ఇంకో ఎథెల్ అయిపోయింది, విధి ఎంత చిలిపిదో. 1937లో ‘హూరే ఫర్ వాట్!’ నాటకంలో నటి కే థాంప్సన్‌ని తీసేసినప్పుడు ఆ పాత్ర ఈమెకొచ్చింది. 1941లో డానీ కేతో ‘లెట్స్ ఫేస్ ఇట్!’ చేసింది, అది ఐదువందల పైచిలుకు ప్రదర్శనలు ఆడింది. పాట, ఆట, అందం, కామెడీ టైమింగ్ అన్నీ ఉన్న బ్రాడ్‌వే (న్యూయార్క్ నాటకరంగం) నటి ఆమె అప్పటికి. తర్వాత టీవీలో మాసిన గౌనులో చూసినవాళ్ళకి ఇది ఊహకే అందదు.

1945లో చికాగోలో ‘ది వాయిస్ ఆఫ్ ది టర్టిల్’ నాటకం ఆడుతూ మానసికంగా కుప్పకూలిపోయింది. నెర్వస్ బ్రేక్‌డౌన్ అన్నారు. నటన ఆగిపోయింది, న్యూ మెక్సికో తిరిగొచ్చి కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. దీని గురించి ఆమె తర్వాత దాచుకోలేదు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళానని ఒక నటి పైకి చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు, ఈవిడ బాహాటంగా మాట్లాడింది, మానసిక ఆరోగ్యం కోసం పనిచేసేవాళ్ళతో కలిసి తిరిగింది. తర్వాత వచ్చిన ఎమ్మీ అనే టీవీ అవార్డు కన్నా నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తుంది, కానీ ఆవిడ గురించి రాసేటప్పుడు చాలామంది దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు.

ఇక 1951 వేసవి. కాలిఫోర్నియాలో లా హోయా ప్లేహౌస్‌లో ఆమెని మళ్ళీ స్టేజీ ఎక్కించారు, నాటకం అదే, తనని కూలదోసిన ‘ది వాయిస్ ఆఫ్ ది టర్టిల్’. ఏ ధైర్యంతో ఒప్పుకుందో నాకైతే అర్థం కాదు. అక్కడ ఆమెని చూడ్డానికి కొత్తగా మొదలుకాబోతున్న టీవీ సిరీస్ వాళ్ళు వచ్చారు: లూసిల్ బాల్ భర్త డెసీ అర్నాజ్, నిర్మాత జెస్ ఆపెన్‌హైమర్, దర్శకుడు మార్క్ డేనియల్స్. పక్కింటి ఎథెల్ మెర్ట్జ్ వేషానికి వాళ్ళు మొదట అనుకున్నది బీ బెనడరెట్‌ని, ఆమె వేరే షోలో ఉండిపోవడంతో ఇంకొకరిని వెతుకుతున్నారు. నాటకం పూర్తికాకముందే డెసీకి ఎథెల్ దొరికేసింది. లూసిల్‌కి మాత్రం మొదట్లో అనుమానమే. ఎథెల్ అంటే కాస్త వయసు మీరిన, సాదాసీదా ఇంటావిడ అనుకుంటే, వచ్చినావిడ చూడచక్కగా ఉంది, పైగా లూసిల్ కన్నా రెండేళ్ళే పెద్ద. అందుకే బట్టలు వదులుగా, జుట్టు పాతకాలంగా, మనిషిని వీలైనంత చప్పగా చూపించారు.

ఎథెల్ భర్త ఫ్రెడ్‌గా విలియం ఫ్రాలీ. అప్పటికి ఈమెకి 42, ఆయనకి 64. ఆయన నాకు తండ్రిలా ఉంటాడు గానీ మొగుడేంటి అని ఆమె అన్న మాట ఆయన చెవిన పడింది, ఇక అంతే, ఆ ఇద్దరికీ చివరిదాకా పొసగలేదు. కానీ తెరమీద చూడండి, పాతికేళ్ళు కాపరం చేసి ఒకరి గురక ఇంకొకరికి అలవాటైపోయిన జంటలా ఉంటారు. మంచి స్నేహితులైన నటులు మొగుడూపెళ్ళాలుగా అతకకపోవడం బోలెడుసార్లు చూశాం, వీళ్ళది అచ్చంగా తిరగేసిన కేసు. ఆ విసుగు నిజం కావడమే వీళ్ళకి కలిసొచ్చిందేమో.

‘ఐ లవ్ లూసీ’ 1951 అక్టోబర్ 15న మొదలైంది. మూడు కెమెరాలతో ఫిల్మ్ మీద, ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి తీసేవాళ్ళు. అంటే నాటకం ఆడినట్టే. నవ్వు ఎక్కడ వస్తుందో, ఎంతసేపు ఉంటుందో ముందే తెలీదు, నవ్వు తగ్గేదాకా పాత్రలోంచి బయటికి రాకుండా మొహంతో ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. అక్కడే వివియన్ స్టేజీ అనుభవమంతా పనికొచ్చింది. 1952లో వచ్చిన చాక్లెట్ ఫ్యాక్టరీ ఎపిసోడ్ చాలామంది చూసే ఉంటారు. బెల్టు మీద వచ్చే చాక్లెట్లకి కాగితం చుట్టాలి, బెల్టు వేగం పెరుగుతుంది, ఇద్దరూ నోట్లో, టోపీలో, జాకెట్లో కుక్కేస్తారు. అందరూ లూసీ బుగ్గల్ని చూస్తారు. ఈసారి ఎథెల్‌ని చూడండి. మొదట ఏముందిలే అనే ధీమా, తర్వాత పక్కకి ఒక్క ఓరచూపు, తర్వాత చేతులు కంగారు పడుతున్నా మొహంలో మాత్రం ఏమీ జరగనట్టు నిలబడాలనే తాపత్రయం. లూసీ చేసేది అసలు ఏ ఇంట్లోనూ జరగని పిచ్చిపని. అది నిజంగా జరుగుతున్నట్టు మనకి అనిపిస్తోందంటే, పక్కనున్న మామూలు మనిషి దానికి భయపడుతోంది కాబట్టి. లూసీ ఏదో పథకం చెప్తుంటే ఎథెల్ ముందు వద్దంటుంది, తర్వాత ఆలోచిస్తుంది, తర్వాత ఆ కళ్ళల్లో సరదా మొదలవుతుంది. ఆ మూడు దశలూ ఒక్క డైలాగ్ లేకుండా చూపించగలదు. 1953లో ఇద్దరూ ఒకేలాంటి డ్రెస్ కొనుక్కుని, స్నేహం గురించి పాట పాడుతూనే ఒకరి డ్రెస్ ఒకరు చింపుకునే ఎపిసోడ్ ఇంకా గొప్పది. పాడటం, చింపడం, నవ్వు మొహం పెట్టడం మూడూ ఒకేసారి, తాళం తప్పకుండా. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

1954లో సహాయ నటి విభాగంలో ఎమ్మీ అందుకుంది, ఆ విభాగంలో మొట్టమొదటి విజేత ఆమే. కానీ ఆ గెలుపుతో పాటే ఎథెల్ అనే పేరు కూడా అతుక్కుపోయింది. వీధిలో కనిపించిన ప్రతివాళ్ళూ ఎథెల్ అనే పిలిచేవాళ్ళు. లూసిల్ కన్నా లావుగా ఉండి తీరాలని ఆమె కాంట్రాక్ట్‌లో రాసుకున్నారని ఒక కథ ఏళ్ళ తరబడి తిరిగింది. అది లూసిల్ సరదాగా రాయించిన ఉత్తుత్తి కాంట్రాక్ట్. జోకే అయినా జనం నమ్మారు చూశారా, అదీ సమస్య.

1958లో ఆమె ప్రధాన పాత్రలో ‘గెస్ట్‌వర్డ్ హో!’ అనే సిరీస్‌కి పైలట్, అంటే నమూనా ఎపిసోడ్ తీశారు, ఛానెల్ వద్దంది. రెండేళ్ళకి అదే సిరీస్ ఇంకో నటితో తెరమీదికొచ్చింది. ఫ్రెడ్, ఎథెల్ ఇద్దరితో వేరే షో పెడదామన్న మాట వచ్చినప్పుడు ఫ్రాలీ సరేనన్నాడు, ఆమె కుదరదంది. మంచి డబ్బు వచ్చే పని, అయినా ఆ మనిషితో ఇంకొన్నేళ్ళు అంటే చాల్లే అనుకుంది. 1959లో నటుడు ఫిలిప్ ఓబర్‌తో విడాకులు, 1961లో లిటరరీ ఏజెంట్ జాన్ డాడ్స్‌తో పెళ్ళి. అది నాలుగో పెళ్ళి, అదే చివరిదాకా నిలిచింది. కనెటికట్‌లో ఇల్లు, ప్రశాంతం.

లూసిల్ 1962లో కొత్త సిరీస్ మొదలుపెడుతూ రమ్మని అడిగితే, ఈసారి వివియన్ షరతులు పెట్టింది. బట్టలు బావుండాలి, పేరు లూసిల్‌తో సమానంగా వేయాలి, పాత్ర పేరు మాత్రం వివియన్ అనే ఉండాలి. ఆ మూడో షరతు చదివినప్పుడు నాకు గట్టిగా చప్పట్లు కొట్టాలనిపించింది. ఇక వీధిలో పిలిచినా సొంత పేరే పిలుస్తారు కదా! అలా వచ్చిన వివియన్ బాగ్లీ పాత్ర అమెరికన్ ప్రైమ్‌టైమ్ సిరీస్‌లో విడాకులు తీసుకున్న మొదటి రెగ్యులర్ పాత్ర. మూడేళ్ళు కనెటికట్ నించి హాలీవుడ్‌కి విమానాల్లో తిరిగి తిరిగి అలిసిపోయి 1965లో తప్పుకుంది. ఆ తర్వాత లూసీ షోలు ఇంకో తొమ్మిదేళ్ళు నడిచాయి, అప్పుడప్పుడూ అతిథిగా వచ్చి వెళ్ళేది. ఆమె లేని ఎపిసోడ్లు నేను కొన్ని చూశాను, లూసీ ఎంత గోల చేసినా వద్దు అనడానికి ఎదురుగా సరైన మనిషి లేనట్టే ఉంటుంది.

డెబ్భైల్లో మాక్స్‌వెల్ హౌస్ కాఫీ ప్రకటనల్లో కనిపించింది. 1973లో క్యాన్సర్ బయటపడింది. 1977లో లూసిల్‌తో చివరిసారి ఒక స్పెషల్ చేసి, 1979 ఆగస్టు 17న కాలిఫోర్నియాలోని బెల్వెడేర్‌లో పోయింది. వయసు 70.

ఆల్బకర్కీ దగ్గరికి వస్తానన్నాను కదా. 1955 జనవరిలో వచ్చిన ‘ఐ లవ్ లూసీ’ ఎపిసోడ్‌లో లూసీ, ఆమె భర్త, ఎథెల్, ఫ్రెడ్ నలుగురూ హాలీవుడ్‌కి కారులో వెళ్తూ ఎథెల్ సొంతూరిలో ఆగుతారు, ఆ ఊరు ఆల్బకర్కీ. రచయితలు వివియన్ జీవితంలోంచే ఎత్తుకున్నారు. సినిమా స్టార్ కాబోయేది ఎథెలే అనుకుని ఊరంతా ఆమెకి నీరాజనాలు పడుతుంది, లిటిల్ థియేటర్‌లో కచేరీ పెట్టిస్తుంది. ఎథెల్ ఉబ్బితబ్బిబ్బై పాడుతుంటే, మిగతా ముగ్గురూ కుళ్ళుకుని వెనకాల నిలబడి వేషాలు వేస్తారు, జనం నవ్వులన్నీ వాళ్ళకే పోతాయి. చూసేవాళ్ళకి అది కామెడీ సీన్. కానీ ఒకసారి వెనకాల జరిగేదంతా చేత్తో మూసేసి, పాడుతున్న మనిషిని మాత్రమే చూడండి, వినండి. గొంతు ఎంత బావుందో.